సంక్రాంతి సెలవుల్లో సముద్రం: ఒక వారం, ఒక నోట్‌బుక్, మూడు సీసాలు



పోయిన పేరెంట్స్ మీటింగులో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది: "సెలవుల్లో పిల్లల్ని వైజాగ్ తీసుకెళ్తున్నాం మిస్, మరి హాలిడే హోంవర్క్ ఎట్లా?" 6, 7, 8 తరగతులకు సైన్స్, సోషల్ చెప్పే టీచర్లం మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. సముద్రం చూడటానికి వెళ్ళే పిల్లలు చార్టు ప్రాజెక్టు చేయనక్కర్లేదు. దాని బదులు ఒక నోట్‌బుక్ రాసుకుని తెస్తే చాలు. ఏం రాయాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అన్నది ఈ వ్యాసం.

సముద్రమే ఎందుకంటే, మన పిల్లలకు నీళ్ళంటే ట్యాంకరు, బోరు, వారానికి రెండుసార్లు వచ్చే కుళాయి. చిత్రావతిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనబడుతుంది. 2021 నవంబరులో ఏరు పొంగినప్పుడు చూసిన పిల్లలు ఇప్పటికీ దాని గురించి వ్యాసాలు రాస్తారు. అలాంటి పిల్లలను మొదటిసారి సముద్రం ముందు నిలబెడితే వాళ్ళకు వచ్చే మొదటి ప్రశ్న మా ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఎప్పుడో అడిగేసింది: "అన్ని నీళ్ళు అక్కడుంటే మనకు ట్యాంకర్ ఎందుకు మిస్?" పుస్తకంలో దీనికి ఒక్క లైను జవాబు ఉంటుంది. వారం రోజులు తీరంలో ఉండే పిల్లలు ఆ జవాబును కొలిచి, తూచి, కళ్ళతో చూసి తెలుసుకోవచ్చు.

రైలెక్కిన దగ్గర్నుంచే

మన శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషన్లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా విశాఖపట్నం వెళ్ళొచ్చు. పండగ రోజుల్లో బెర్తులు దొరకడం కష్టం. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, కాబట్టి తేదీ లెక్కపెట్టుకుని పెట్టుకోండి. ఒక రాత్రంతా రైల్లోనే గడుస్తుంది. చెనిక్కాయలు, బొరుగులు కట్టుకోండి.

ప్లాట్‌ఫాం చివర పసుపు రంగు బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాల్లో ఎం.ఎస్.ఎల్. అని, పక్కన కొన్ని మీటర్లు అని ఉంటుంది. ఆ ఊరు సముద్ర మట్టం కంటే ఎంత ఎత్తున ఉందో చెప్పే అంకె అది. మన పుట్టపర్తి సుమారు 475 మీటర్ల ఎత్తున ఉంది. ధర్మవరం, అనంతపురం, గుంతకల్లు, డోన్... కనబడిన ప్రతి బోర్డు అంకె పిల్లల్ని రాసుకోమనండి. అవి వరుసగా తగ్గుతూ పోవు. ఎక్కడ తగ్గి మళ్ళీ పెరిగిందో వాళ్ళే పట్టుకుంటారు. రాత్రి దాటిపోయిన స్టేషన్లు వదిలేయండి, నిద్ర ముఖ్యం. కానీ రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన వచ్చేసరికి మాత్రం లేపండి. నిండుగా పారే నది ఎంత వెడల్పుంటుందో మన పిల్లలు కిటికీ పక్కన కూర్చుని చూడాలి. విశాఖలో దిగేసరికి బోర్డు మీద అంకె 10 మీటర్ల లోపుకు వచ్చేస్తుంది. ఇంటికొచ్చాక ఈ అంకెలతో గ్రాఫు గీస్తే అదే మన రాష్ట్రానికి అడ్డకోత పటం.

అంత దూరం, అంత ఖర్చు కుదరనివాళ్ళకు నెల్లూరు దగ్గర మైపాడు బీచ్ ఉంది. చిత్రావతి పెన్నలో కలుస్తుంది, పెన్న నెల్లూరు జిల్లాలోనే సముద్రం చేరుతుంది. అంటే అది మన ఏటి సముద్రం. కింద చెప్పే ప్రయోగాలన్నీ అక్కడా చేయొచ్చు.

మొదటి రోజు ఎక్కడికీ వెళ్ళొద్దు

హోటల్ దగ్గర టూర్ బండ్లవాళ్ళు ఒక్క రోజులో ఏడెనిమిది చోట్లు చూపిస్తామంటారు. నా అభిప్రాయం అడిగితే మొదటి రోజు ఆ బండి ఎక్కకండి. ఏడు చోట్ల ఏడు ఫోటోలు దిగిన పిల్లలకు సెలవుల తర్వాత క్లాసులో చెప్పడానికి ఏమీ మిగలదు. బస రుషికొండ వైపు తీసుకున్నా, ఆర్.కె. బీచ్ వైపు తీసుకున్నా, ఒక రోజంతా ఆ ఒక్క తీరానికే ఇవ్వండి.

ఆ రోజు పని ఇది. పొద్దున నీళ్ళు ఎంతవరకు వస్తున్నాయో చూసి ఆ గీత దగ్గర ఒక రాయి పెట్టి, టైము రాసుకోవాలి. రెండు మూడు గంటలకోసారి వచ్చి చూడాలి. పోటు, పాటు అని తెలుగులో చక్కటి మాటలున్నాయి. నీరు పైకి రావడం పోటు, వెనక్కి తగ్గడం పాటు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడు కూడా రోజూ సుమారు అంతే ఆలస్యంగా ఉదయిస్తాడని పిల్లలే కనిపెడితే, ఎనిమిదో తరగతి పాఠం సగం అయిపోయినట్టే. విశాఖలో అమావాస్య, పున్నమి రోజుల్లో ఈ తేడా సుమారు మీటరున్నర వరకు ఉంటుంది.

సూర్యోదయం కూడా ఒక లెక్కే. పుట్టపర్తి సుమారు 77.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, విశాఖ సుమారు 83.3 మీద ఉన్నాయి. తేడా 5.5 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 22 నిమిషాలు. కానీ విశాఖ మనకు ఉత్తరాన కూడా ఉంది కాబట్టి జనవరిలో అక్కడ పగలు కొంచెం చిన్నది. అందువల్ల పొద్దు పొడవడం మనకంటే పావుగంట ముందు, పొద్దు కుంకడం దాదాపు అరగంట ముందు. ఊళ్ళో ఉన్న తాతయ్యకో నాయనమ్మకో ఫోన్ చేసి "అక్కడ పొద్దు పొడిచిందా?" అని అడిగితే సరిచూసుకోవచ్చు. ఇది పిల్లలకు భలే నచ్చే ప్రయోగం.

సాయంత్రం ఒక చేతిరుమాలు పట్టుకుని గాలి ఎటు నుంచి వస్తోందో చూడమనండి. మళ్ళీ తెల్లవారుజామున చూడమనండి. పగలు నేల త్వరగా వేడెక్కుతుంది, గాలి సముద్రం మీద నుంచి వస్తుంది. రాత్రి నేల త్వరగా చల్లారుతుంది, గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. ఋతుపవనాలు కూడా చాలావరకు ఇదే కథ, పెద్ద ఎత్తున. నైరుతి గాలులు అరేబియా సముద్రం నుంచి తెచ్చే వానను పడమటి కనుమలే ఎక్కువగా ఆపేసుకుంటాయి. వాటికి ఇవతల వర్షచ్ఛాయలో ఉన్నది మనం. అక్టోబరు, నవంబరులలో బంగాళాఖాతం నుంచి వచ్చేవి తీరంలో కురిసి మన దాకా వచ్చేసరికి పలచబడతాయి. ఏడాదికి మనకు కురిసేది రమారమి 550 మిల్లీమీటర్లు, విశాఖకు దాదాపు రెట్టింపు.

నీళ్ళలో దిగే ముందు

ఈ భాగం మాత్రం దయచేసి ఇంట్లో అందరూ చదవండి. మన పిల్లల్లో ఈత వచ్చినవాళ్ళు చాలా తక్కువ. పెద్దవాళ్ళలోనూ అంతే. నేర్చుకోవడానికి మనకు నీళ్ళేవి? విశాఖ బీచ్‌లలో ప్రతి ఏటా ప్రాణాలు పోతున్నాయి. వాళ్ళలో సరదాగా మోకాలి లోతులో దిగినవాళ్ళూ ఉన్నారు.

అక్కడ తీరం చాలాచోట్ల ఉన్నట్టుండి లోతవుతుంది. పైగా ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక సన్నటి దారి చేసుకుంటుంది. ఆ దారిలో పడినవాళ్ళను అది లోపలికి లాక్కుపోతుంది. దాన్ని గుర్తుపట్టడం ఎట్లాగంటే, రెండు వైపులా అలలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక చోట మాత్రం అలలు లేకుండా నీరు నల్లగా, ప్రశాంతంగా కనబడుతుంది. పిల్లలకూ, మనకూ అదే మంచి చోటు అనిపిస్తుంది. అదే ప్రమాదం. ఒడ్డున ఎత్తుగా ఉన్న చోట పది నిమిషాలు కూర్చుని అలాంటి చోటు ఎక్కడుందో వెతికి నోట్‌బుక్‌లో బొమ్మ గీయమనండి. గీసిన పిల్లలు అందులో దిగరు.

ఎవరైనా చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకూడదు. అలసిపోతారు. నీటి మీద తేలుతూ, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పోయి, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. చూస్తున్నవాళ్ళు గుంపుగా లోపలికి దూకకుండా లైఫ్‌గార్డును పిలవాలి, తేలే వస్తువు ఏదైనా విసరాలి. ఎర్ర జెండా ఉన్న చోట, లైఫ్‌గార్డు లేని చోట, చీకటి పడ్డాక ఎవరూ దిగవద్దు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది, బయలుదేరే ముందు చూసుకోండి. రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది కదా అని కొందరు ధైర్యంగా ఉంటారు. అది తీరం శుభ్రతకూ వసతులకూ ఇచ్చే గుర్తింపు, అల మెత్తబడిందని కాదు. ఒక పిల్లవాడికి ఒక పెద్దవాళ్ళు, చెయ్యి అందేంత దూరంలో. సెల్ఫీ తీసేవాళ్ళు ఆ లెక్కలోకి రారు.

తొట్ల కొండ

వారంలో ఒక్క డే టూర్ మాత్రమే పెట్టుకోగలమంటే తొట్లకొండకు వెళ్ళండి అంటాను. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో 128 మీటర్ల ఎత్తైన కొండ. నౌకాదళం వాళ్ళు విమానం మీద నుంచి సర్వే చేస్తున్నప్పుడు బయటపడింది. 1988 నుంచి రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వితే రెండు వేల ఏళ్ళ నాటి బౌద్ధారామం వచ్చింది. స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదులు, వంటశాల, సాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు. అంటే ఇక్కడి రేవుల నుంచి అంత దూరం వ్యాపారం జరిగిందన్నమాట.

వీటన్నిటికంటే మన పిల్లలు చూడాల్సినవి ఆ కొండకు పేరు పెట్టినవి: తొట్లు. రాతిలో తొలిచిన నీటి తొట్లు. ఆ కొండ మీద నిలబడి చూస్తే ఎదురుగా కంటికి ఆననంత నీరు. అయినా భిక్షువులు ఉలి, సుత్తి పట్టుకుని రాయి తొలిచి వాన చుక్కను పట్టి దాచుకున్నారు. వాళ్ళకు ఆ సముద్రం ఒక్క గుక్కెడు కూడా ఉపయోగపడలేదు మరి. పక్కనే ఇంకో బౌద్ధ క్షేత్రం పేరు బావికొండ. తొట్లు, బావులు: సముద్రం ఎదురుగా ఉన్న కొండలకు మనవాళ్ళు పెట్టిన పేర్లు మంచినీళ్ళవి.

పిల్లలకు పని: తొట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఒక తొట్టికి పొడవు, వెడల్పు అడుగులతో కొలిచి, లోతు అంచనా వేసి, ఎన్ని లీటర్లు పడతాయో కట్టాలి. రోజుకు మనిషికి తాగడానికి, వంటకు 5 లీటర్లనుకుంటే ఎంతమందికి ఎన్ని రోజులు వస్తాయి? ఏడో తరగతి ఘనపరిమాణం లెక్క ఇదే. తొట్ల అంచుల మీదికి ఎక్కనివ్వకండి.

అమ్మాయి అడిగిన ప్రశ్నకు లెక్క

సముద్రపు నీటిని శుభ్రం చేసి వాడుకోవచ్చు కదా అని పిల్లలు తప్పకుండా అంటారు. నిజమే, చెన్నై దగ్గర మీంజూరులో 2010 నుంచి రోజుకు 10 కోట్ల లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అయితే లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి. వాటిని తీయడానికి ప్రతి 1,000 లీటర్లకు 3 నుంచి 4 యూనిట్ల కరెంటు కావాలి. ఆ తర్వాత ఆ 1,000 లీటర్లను మన 475 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలి. పైపుల్లో, మోటారులో ఏ నష్టమూ లేదనుకున్నా దానికి 1.3 యూనిట్లు. మన వీధికొచ్చే 5,000 లీటర్ల ట్యాంకరుతో గుణించమనండి, తర్వాత మన ఊరి ఇళ్ళతో గుణించమనండి. స్టేషను బోర్డుల మీద రాసుకున్న ఆ ఎత్తు కరెంటు బిల్లులో ఎట్లా కనబడుతుందో అప్పుడు అర్థమవుతుంది. సత్యసాయి తాగునీటి పథకం 1990లలో అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు నీళ్ళిచ్చినా, హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం నుంచి కృష్ణ నీటిని పంపులతో ఎత్తి మన వైపు తెస్తున్నా, అవన్నీ నది నీళ్ళు, బోరు నీళ్ళు. సముద్రం దాకా ఎవరూ వెళ్ళకపోవడానికి కారణం ఈ లెక్కే.

ఇప్పుడు మూడు సీసాల సంగతి. 100 మిల్లీలీటర్లు పట్టే చిన్న ప్లాస్టిక్ సీసాలు మూడు తీసుకెళ్ళండి. ఒకటి సముద్రం నీళ్ళు. రెండోది భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలిసే చోట. మూడోది అదే గోస్తని నీళ్ళు, తీరానికి దూరంగా ఎగువన. చీటీలు అంటించండి, మూత గట్టిగా బిగించండి, ఎవరూ పొరపాటున తాగకుండా చూడండి. ఇంటికొచ్చి మూడు స్టీలు పళ్ళేల్లో పోసి మిద్దె మీద ఎండలో పెడితే నీరు పోయి ఉప్పు మిగులుతుంది. సముద్రం నీటి పళ్ళెంలో రమారమి 3 గ్రాములు, అంటే చిన్న చెంచాలో సగం. మిగతా రెండింటిలో ఎంతో నేను చెప్పను.

ఒకే నది, రెండు టూర్లు

టూర్ బండ్లవాళ్ళు బొర్రా గుహలనూ భీమిలినీ వేర్వేరు రోజుల్లో, సంబంధం లేని చోట్లుగా చూపిస్తారు. రెండింటినీ కలిపేది గోస్తని. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర పారి, తాటిపూడి జలాశయంలో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖ నగరం తాగుతోంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కొండల వైపు చేయి చాచి నీళ్ళు తెచ్చుకుంటోందన్నమాట. ఇలా పుట్టుక నుంచి కలిసే దాకా ఒక నదిని రెండు రోజుల్లో చూడటం మన పిల్లలకు వేరే చోట దొరకడం కష్టం.

బొర్రాకు రైల్లో వెళ్ళండి. విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ వెళ్ళే రైలు సొరంగాల్లోంచి కొండ ఎక్కుతుంది. బైలదిల్లా ఇనుప ఖనిజం రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన దారి ఇది. బోర్డుల అంకెలు ఈసారి పైకి పోతాయి. బొర్రా దాటి అరకు వైపు వెళ్తే శిమిలిగూడలో 996 మీటర్లు, మన ఊరికి రెట్టింపు ఎత్తు. గుహల్లో సున్నపురాయిని కరిగించింది వాననీరే. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న నీరు బలహీనమైన ఆమ్లం అవుతుంది, రాయిని కరిగిస్తుంది, చుక్క చుక్కగా రాలుతూ మళ్ళీ రాయిని కడుతుంది. చేతితో తాకితే చర్మం మీది జిడ్డు అంటి ఆ పెరుగుదల ఆగిపోవచ్చు, తాకనివ్వకండి. విశాఖ కుదరనివాళ్ళకు నంద్యాల జిల్లా బెలుం గుహలు మనకు చాలా దగ్గర, అవీ సున్నపురాయివే. అరకులో కాఫీ తోటలు, గిరిజన మ్యూజియం ఉన్నాయి. ఒక్క రోజులో రెండూ అంటే పిల్లలు బండిలోనే నిద్రపోతారు.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. చూడగానే పిల్లలు "మన చేను మట్టే!" అంటారు. కాదు. మనది ఎక్కువగా గ్రానైట్ రాయి అరిగి అయిన ఎర్రనేల. అవి సముద్ర మట్టం పెరిగి తగ్గిన కాలాల్లో గాలి పోగేసిన ఇసుక, ఇనుము తుప్పుపట్టి ఎర్రబడింది. వాన దాన్ని ఎట్లా గెనుపులు గెనుపులుగా కోసిందో చూడమనండి. మట్టి తీసుకురావద్దు, అది రక్షిత స్థలం.

ఆర్.కె. బీచ్‌లో కుర్‌సురా జలాంతర్గామిని ఎవరూ వదలరు. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. పొడవు 91 మీటర్లు. సోమవారం సెలవు. లోపల గైడును ఒక ప్రశ్న అడగమనండి: చుట్టూ నీళ్ళే కదా, మీకు స్నానానికి నీళ్ళెన్ని ఇచ్చేవారు?

భాష గురించి ఒక మాట

నోట్‌బుక్ ఇంగ్లీషులోనే రాయాలా అని అడుగుతారని తెలుసు. అక్కర్లేదు. అక్కడ నిలబడి చూసింది ఏ భాషలో తడితే ఆ భాషలో రాయనివ్వండి. ఇంగ్లీషు వాక్యాలు క్లాసులో కలిసి రాసుకుంటాం. బీచ్‌లో ముంత కింద పప్పు అమ్మేవాళ్ళు మన బొరుగులను ఏమంటారో, తెప్ప నడిపేవాళ్ళు గాలులకు ఏ పేర్లు చెబుతారో రాసుకొస్తే తెలుగు టీచరుగారు కూడా మార్కులు వేస్తానన్నారు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ తీరంలో గుడ్లు పెడతాయి. రాత్రి ఒడ్డున కనబడితే టార్చి, ఫ్లాష్ వేయవద్దు.

తిరిగొచ్చిన మొదటి ఆదివారం వీలైతే పిల్లలను బుక్కపట్నం చెరువు కట్ట మీదికి తీసుకెళ్ళండి. తొట్లకొండలో తొట్టికి వేసిన లెక్కే చెరువుకు వేయడం కుదురుతుందేమో చూడమనండి. నోట్‌బుక్, మూడు పళ్ళేల ఫోటో స్కూలు తెరిచిన వారంలో క్లాస్ టీచరుకు ఇస్తే చాలు. సెలవుల్లో ఊళ్ళోనే ఉన్న పిల్లలు ఇంటి బోరు నీటితో అదే పళ్ళెం ప్రయోగం చేసి తీసుకురావచ్చు. వాళ్ళ ఫోటోలనూ, సముద్రం ఫోటోలనూ పక్కపక్కనే బోర్డు మీద పెడతాం.